ప్రదర్శనకెక్కిన నా కత్తిరింపు బల్ల

సౌదీలో షరఫియా అనే పేటలో ఉన్న నా దర్జీ కొట్టుకు ఒకరోజు ఆ దేశపు అమ్మాయి ఒకామె వచ్చింది. పరదాకు అంచు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి, ఆ సంగతి మరిచిపోయి నేను గుడ్డలు కోసే బల్లనే చూస్తూ నిలబడింది. ఆమె కళాకారిణి అనీ, వాడి పడేసిన వస్తువులతో ప్రదర్శనలు పెడుతుందనీ ఆమె డ్రైవర్ చెప్పాడు. అతనిదీ మా కడప పక్కే.

ఆ బల్ల గొప్పతనం నాకు తెలియనిది కాదు. ఒక కాలు ఊగుతుందని కింద అట్టముక్క మడిచి పెట్టాను. మధ్యలో ఇస్త్రీపెట్టె కాల్చిన నల్లమచ్చ. అంచు పొడవునా కొలతల కోసం నేను కత్తితో పెట్టుకున్న గాట్లు. ఆమె ఆ మచ్చను పసిబిడ్డ తల నిమిరినట్టు నిమిరి, దీని కథేమిటని అడిగింది. ఊర్లో మా గేటుకు ఏ రంగు వేయాలని ఫోన్‌లో నా భార్యతో పోట్లాడుతూ పెట్టె సంగతి మరిచిపోయానని చెప్పాను. డ్రైవర్ దాన్ని అరబ్బీలో ఎలా చెప్పాడో గానీ, ఆమె కళ్లు తడిశాయి.

"అన్నా, మేడమ్‌కు ఈ బల్ల కావాలంట. దీనికి బదులు కొత్తది ఇప్పిస్తాదంట," అన్నాడు డ్రైవర్.

కుంటిబల్ల ఇచ్చి కొత్తది తీసుకోవడానికి నేను ఎంతసేపు ఆలోచించి ఉంటానో చెప్పనక్కర్లేదు.

కొత్త బల్ల అద్దంలా ఉంది. అదే దాని రోగం. గుడ్డ పరిస్తే జారిపోయేది. ఇన్నేళ్లూ టేపు పట్టకుండా గాటు తడిమి కోసిన చేతికి ఏమీ తోచలేదు. మొదటి వారంలోనే ఒక ప్యాంటు రెండంగుళాలు పొట్టిదైంది. మీరే కాస్త ఎత్తు పెరిగారేమో అని ఆ ప్యాంటు మనిషికి నచ్చజెప్పబోయాను. నలభై దాటినవాడు, ఒప్పుకోలేదు.

ఆ శుక్రవారం టేపు జేబులో పెట్టుకుని ప్రదర్శనకు వెళ్లాను. తెల్లగోడల హాలులో, చుట్టూ తాడు, నెత్తిన దీపంతో నా బల్ల కొలువుదీరింది. అట్టముక్కతో సహా. పక్కన పలకమీద ఆ మచ్చను ఎడబాటు మిగిల్చిన గాయం అని రాశారట. గేటు రంగు గురించి ఒక్క ముక్క లేదు.

తాడు దాటబోతే సెక్యూరిటీ మనిషి అడ్డం వచ్చాడు. నా నోట తెలుగు విని తనూ తెలుగులోనే వద్దన్నాడు. యాస తెలంగాణది.

"నా బల్లేప్పా ఇది. గాట్లు కొలుచుకోని పోతా," అన్నాను.

"ఆ మూలకు చీపురు పెట్టిన్రు చూడు. అది మా రూముదే. నేనేమన్న అడుగుతున్ననా?" అన్నాడు నెమ్మదిగా.

ఇంతలో ఆ అమ్మాయి వచ్చింది. నన్ను చూసి మురిసిపోయి, తాడు తనే విప్పింది. నేను వంగి గాటుకూ గాటుకూ మధ్య దూరం కొలిచి అరచేతిలో రాసుకుంటుంటే జనం చుట్టూ మూగి వీడియోలు తీశారు. ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని ఒకాయన చప్పట్లు కొట్టాడు.

అప్పుడు కనిపించాయి, బల్ల ముందువైపు రెండు నున్నటి గుంటలు. ఎప్పుడూ పైన గుడ్డ ఉండేది కాబట్టి వాటిని చూసిందే లేదు. మోచేతులు ఆనించాను. సరిగ్గా సరిపోయాయి. కాసేపు అలాగే ఉండిపోయాను. అంతసేపూ ఎవరినీ వెక్కిరించాలనిపించలేదు.

మర్నాడు కొత్త బల్ల అంచుకు కత్తితో గాట్లు పెట్టాను. పైనున్న నునుపు పొర పెచ్చులుగా లేచింది. ముతక దుప్పటి పరిచి మేకులు కొట్టాక గుడ్డ జారడం మానింది. ఆ వారం కోసిన ప్యాంట్లు ఎవరివి వాళ్లకు సరిపోయాయి.