సూరమ్మ రష్యా పిన్ను

ఆ పెళ్ళిలో ఎవరి పరువు ఎవరు కాపాడారు? ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

సూరమ్మది మా రాజోలే. భర్త యాకోబు కొబ్బరి దింపు తీసేవాడు. తొంభైల్లో ఆమె కువైట్ వెళ్ళి, అక్కడ స్థిరపడిన ఒక రష్యా ముసలావిడకు కడదాకా సేవ చేసింది. ఆవిడ పోయేముందు తన అమ్మమ్మ నాటి పిన్ను ఇచ్చింది. బట్ట జారకుండా భుజం మీద గుచ్చుకునేది; నడుమ పచ్చరాయి, చుట్టూ సన్నని తెల్లరాళ్ళు. తిరిగొచ్చాక సూరమ్మ ప్రతి ఆదివారం దాన్ని పైటకు పెట్టుకుని చర్చికి వెళ్ళేది.

"అంతర్వేది తీర్థంలో కొన్నావేంటే?" అని నవ్వేది పొరుగింటి సుబ్బాయమ్మ.

విలువ కట్టమని చూపిస్తే కంసాలి గంగరాజు మా వైపు పద్ధతి ప్రకారం, "రాళ్ళు ఊడదీస్తేగానీ తూకం చెప్పలేను" అన్నాడు. ఆమె ఊడదీయనివ్వలేదు.

రెండువేల మూడులో మా ఊరి పెద్దింటి భవానీదేవి గారమ్మాయి పెళ్ళి. పనిసాయానికి వచ్చిన సూరమ్మ, పెళ్ళి కదా అని ఆ పిన్ను పెట్టుకుంది. తీరా ముహూర్తం వేళకు పెళ్ళికూతురి పైట పిన్ను విరిగింది.

"సూరమ్మా, నీ గాజురాళ్ళది ఇలా తే. మళ్ళీ ఇచ్చేస్తాలే," అన్నారు భవానీదేవి గారు.

"ఆయ్," అని విప్పి ఇచ్చింది.

తలంబ్రాలయ్యాక మగపెళ్ళివారిలో వజ్రాల వ్యాపారి భాస్కరరావు గారు వంగి చూసి, "ఇవి అసలు వజ్రాలండీ! రష్యా రాజుల కాలం నాటి పని. మీకెక్కడిదండీ?" అన్నారు.

భవానీదేవి గారు తడుముకోలేదు. "మా అత్తగారిదండి."

"మా చిన్నప్పట్నించీ చూస్తన్నామండి!" అంది తనూ పనిసాయానికి వచ్చిన సుబ్బాయమ్మ.

అరిటాకుల కట్టతో సూరమ్మ పక్కనే ఉంది. భవానీదేవి గారు పెరటివైపు వచ్చినప్పుడు మెల్లిగా అడిగింది. "నా పిన్నండమ్మా."

"ఇప్పుడు తీస్తే వియ్యాలవారి ముందు నా మొహం ఏమవుద్దే? అప్పగింతలయ్యాక చూద్దాం."

"అప్పగింతలయ్యాక అమ్మాయిగారు అత్తారింటికెళ్ళిపోతారు కదండీ."

"అయితే?"

"పిన్నూ ఆరితోనే పోద్దండి."

భవానీదేవి గారు వినబడనట్టు తాంబూలాల వైపు వెళ్ళిపోయారు.

సూరమ్మ కట్ట దించింది. చేతులు తుడుచుకుని తిన్నగా పెళ్ళిపీటల దగ్గరకు నడిచింది. "ఓసారి కదలకండి అమ్మాయిగారూ," అని పిన్ను తీసింది. తన చేతి గాజులకు వేలాడే పిన్నీసుల్లో ఒకటి తప్పించి, ఆ మడతకే, పిల్లకు గుచ్చుకోకుండా పెట్టింది.

"అదేంటమ్మా, తీసేసేవు?" అన్నారు భాస్కరరావు గారు.

"అత్తగారిది కదండీ. భద్రం చెయ్యొద్దా?"

భవానీదేవి గారు నవ్వారు. అంతమందిలో ఇంకేం చేస్తారు!

సూరమ్మ పిడికిలి మూసుకుని పందిరి దాటింది. భోజనానికి ఆగలేదు. వెళ్ళొస్తానని ఎవరితోనూ అనలేదు.