ఒక్కరే నిలబడాలి

బాస్కెట్‌బాల్‌లో ఒక నియమం ఉంది. ఆట సాగుతున్నంతసేపూ బెంచీ దగ్గర కోచ్ గానీ, అసిస్టెంట్ కోచ్ గానీ, ఇద్దరిలో ఒక్కరే నిలబడాలి. రెండోవాడు కూర్చోవాలి. సింగపూర్‌లో ఒక పాలిటెక్నిక్ కాలేజీ ఆడపిల్లల జట్టుకు నేను కోచ్‌గా ఉన్నాను, అందులో పద్దెనిమిదేళ్లు సింహాచలం నా అసిస్టెంటు. ఆ పద్దెనిమిదేళ్లూ నేనే నిలబడ్డాను. అతని గురించి నాలుగు మాటలు రాసివ్వమని పోయిన ఏడాది కాలేజీ వాళ్లు నన్నడిగారు. నేను రాసిందాంట్లో సగం నా కడుపుమంట. అందుకే ఇప్పుడు తీరిగ్గా, మొత్తం రాస్తున్నాను.

సింహాచలానిది గాజువాక. వాళ్ల నాన్న స్టీల్‌ప్లాంటు ఆటస్థలంలో వాచ్‌మన్. సాయంత్రం ఆఫీసర్ల పిల్లలు ఆడి వెళ్లిపోయాక బంతులన్నీ ఏరి గదిలో పెట్టడం ఆయన పని. ఆ ఏరేలోపు దొరికిన అరగంటలో కొడుకు రింగులోకి బంతులు వేసుకునేవాడు. కోచింగంటే అతనికి అంతే. నాదలా కాదు. నేను యూనివర్సిటీకి ఆడాను, పాటియాలా వెళ్లి కోచింగ్ డిప్లొమా చేశాను, ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ మా హాల్లో గోడకు ఉంది. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే నా ఏడుపంతా అక్కడే మొదలైంది.

ఇరవై నాలుగో ఏట అతను వర్క్ పర్మిట్ మీద ఇక్కడి షిప్‌యార్డుకు వచ్చాడు. ఓడల అడుగున పాత రంగు గీకే పని. పదేళ్లకు సూపర్‌వైజరయ్యాడు, పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే హక్కు, వచ్చింది, యీషున్‌లో మా పక్క బ్లాకులో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఒక ఆదివారం పొద్దున మా ఫ్లాటు కింద కోర్టులో మలయ్ కుర్రాళ్లతో, చైనీస్ అంకుల్స్‌తో ఆడుతుంటే చూశాను. పొట్టి మనిషి. గెంతడం కూడా అంతంతమాత్రం. కానీ బంతి రింగుకు తగలకముందే, అది ఎక్కడ పడుతుందో అక్కడ నిలబడి ఉండేవాడు. అర్ధగంట చూశాను. ఒక్కసారి తప్పలేదు. ఆ విద్య పాటియాలాలో నాకెవరూ నేర్పలేదు.

అప్పుడు నాకు బంతులకు గాలి కొట్టి, సామాన్ల గది చూసుకునే మనిషి కావాలి. దిగి వెళ్లి అడిగాను.

"ఎప్పుడు రమ్మంటారు సార్" అన్నాడు.

వచ్చిన రెండేళ్లకే అసిస్టెంటయ్యాడు. నేను చేయలేదు, పిల్లలు చేశారు. ప్రాక్టీసులో ఏ సందేహం వచ్చినా సామాన్ల గది వైపు పరిగెత్తేవాళ్లు. చివరికి కాలేజీ వాళ్లే అతన్ని పరీక్షకు పంపి కోచింగ్ లైసెన్సు ఇప్పించారు. పిల్లలు అతన్ని 'కోచ్ సిమ్' అని పిలిచేవారు. చైనీస్ వాళ్లలో సిమ్ అని ఇంటిపేరుంది, అందుకని ఎదుటి జట్ల వాళ్లు మా బెంచీ మీద చైనీస్ ముఖం కోసం వెతుక్కునేవారు. పిల్లలకు నవ్వే నవ్వు. నన్ను మాత్రం అందరూ 'రావు సార్' అనే అన్నారు. నాకెవరూ ముద్దుపేరు పెట్టలేదు. పెట్టనిచ్చే ముఖమేనా నాది అంటే, అది వేరే సంగతి.

అసిస్టెంట్ కోచ్ పని పైకి కనిపించదు. సింహాచలం సెలవురోజు ట్రైనెక్కి సెంగ్‌కాంగ్ వెళ్లి ఎదుటి జట్టు ప్రాక్టీసు మ్యాచ్ చూసొచ్చేవాడు. ఎవరికి ఎడమచేయి రాదు, ఎవరు అలిస్తే నడుం మీద చేతులు పెట్టుకుంటారు, ఎవరికి కోపమొస్తే ఫౌల్ చేస్తారు, అన్నీ చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. పిల్లల మడమలకు టేపు చుట్టేవాడు. పొద్దున తినకుండా వచ్చింది ఎవరో ముఖం చూసి పట్టేసి అరటిపండు చేతిలో పెట్టేవాడు. మధ్యాహ్నం క్యాంటీన్లో నాకంటే ముందు వెళ్లి నా కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టేవాడు. ఇక్కడ చోప్ చేయడమంటే అదే. టిష్యూ ప్యాకెట్ ఉందంటే ఆ సీటు ఒకరిదన్నమాట, ఇంకెవరూ ముట్టుకోరు.

అతను నాకు చేసిన మర్యాదకు లోటు లేదు. అదే నన్ను ఇంకా మండించేది.

కిందటేడు మా కెప్టెన్ భువన. టాంపినీస్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ల అమ్మాయి. ఆ పిల్ల అమ్మానాన్నలు విడిపోతున్న సంగతి సింహాచలానికి మార్చిలో తెలిసింది. నాకు ఆగస్టులో తెలిసింది, అదీ వేరేవాళ్ల ద్వారా.

"నాకెందుకు చెప్పలేదు" అని నిలదీశాను.

"ఆ పాప సెప్పొద్దన్నాది సార్" అన్నాడు.

ఆ పిల్ల నాకు చెప్పి, అతనికి చెప్పొద్దని ఎందుకనలేదు? వారం రోజులు ఇదే నా బుర్రలో తిరిగింది. ఇంట్లో మా ఆవిడ సుమలత ఊరుకోలేక, "ఆ పిల్ల దగ్గర మీరెప్పుడైనా కూర్చున్నారా? ఎప్పుడు చూసినా ఈల పట్టుకుని నిలబడే ఉంటారాయె" అంది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

నా అసూయ ఎంతవరకు వెళ్లిందో చెప్పాలి. పద్దెనిమిదేళ్లలో ఒక్క మ్యాచ్‌కు నేను రాకుండా లేను. డెంగీ వచ్చి లేచిన మూడో రోజున వచ్చాను. శుక్లం ఆపరేషనైన మర్నాడు కంటికి కట్టుతో వచ్చాను, ఆ రోజు మా పిల్లలు ఏ రింగులో వేస్తున్నారో కూడా నాకు సరిగా తెలియలేదు. కాలేజీలో నా నిబద్ధత అని మెచ్చుకున్నారు. నిబద్ధతా పాడా. నేను రాకపోతే ఆ చోట సింహాచలం నిలబడతాడు. నిలబడితే గెలుస్తాడని నాకు భయం.

అరవై మూడేళ్లు వచ్చాయి, ఆ సీజను ఆఖరుకు దిగిపోతానన్నాను. నా స్థానంలో సింహాచలాన్ని పెట్టాలా, బయటివాళ్లను తేవాలా అన్నది తేల్చడానికి కాలేజీ వాళ్లు నాకొక ఫారం ఇచ్చారు. నా మాట మీదే అంతా ఉంటుందన్నారు. అందులో ఒక గడి: 'ప్రధాన కోచ్ బాధ్యతలో స్వయంగా నడిపిన మ్యాచ్‌లు ఎన్ని.' నేను సున్నా చుట్టాను. గుండ్రంగా, తీరిగ్గా చుట్టాను. కింద అభిప్రాయం దగ్గర, 'నమ్మకమైన సహాయకుడు. సొంతంగా నడిపిన అనుభవం లేదు' అని రాశాను. ఒక్క అక్షరం అబద్ధం కాదు. ఆ సున్నా నేను పద్దెనిమిదేళ్లు కష్టపడి కాపాడిన సున్నా అని రాయమని ఫారంలో ఎక్కడా అడగలేదు. సోమవారం ఇవ్వాలి. శనివారం మధ్యాహ్నం ఫైనల్. ఫారం నా సంచీలోనే ఉంది.

ఫైనల్లో మొదటి సగంలోనే రిఫరీతో వాదించి ఒక టెక్నికల్ ఫౌల్ తెచ్చుకున్నాను. రెండోది పడితే కోచ్ హాలు వదిలి వెళ్లాలి. మూడో క్వార్టర్లో ఆరు పాయింట్లు వెనకబడి ఉన్నాం. టైమౌట్ తీసుకుని చేతిలో ఉన్న చిన్న బోర్డు మీద గీశాను, భువన కుడివైపు నుంచి దూసుకెళ్లాలని. గీస్తుండగానే ఆ పిల్ల కళ్లు నా భుజం మీదుగా వెనక్కి వెళ్లాయి. తిరిగి చూశాను. సింహాచలం కుర్చీలో కూర్చుని, ఒళ్లో నోటుబుక్కు తెరిచి, ఎడమ మోకాలి మీద వేలితో కొడుతున్నాడు.

ఆట మొదలైంది. భువన ఎడమవైపు నుంచి వెళ్లింది. వేసింది. మళ్లీ ఎడమవైపు నుంచే వెళ్లింది. మళ్లీ వేసింది. అటు కాచే అమ్మాయికి అప్పటికే కాలు పట్టేసిందట, అతను చూశాడు, నేను చూడలేదు.

నాలుగు పాయింట్లు వచ్చింది నా జట్టుకే. నాకు మాత్రం ఒళ్లు భగ్గుమంది. వెనక్కి తిరిగి, "కోచ్ నువ్వా నేనా? అంత సరదాగా ఉంటే వచ్చి నిలబడు" అని అరిచి చేతిలో బోర్డు విసిరికొట్టాను. అది నేల మీద జారుకుంటూ పోయి ఆడుతున్న పిల్లల కాళ్ల మధ్య ఆగింది. ఈల మోగింది. రిఫరీ నాకు తలుపు చూపించింది. నిలబడమని నేనే అన్నాను కదా, ఇక చోటు అతనిదే.

బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చున్నాను. గోడ పలచన, హాలంతా వినిపిస్తూనే ఉంది. మా పిల్లల కేక ఏదో, అవతలివాళ్ల కేక ఏదో నాకు తెలుసు. కేక కేకకూ లెక్కేసుకుంటూ నేను కోరుకున్నది ఒకటే, ఓడిపోవాలని. నా జట్టు, నేను చేరదీసి నేర్పిన పిల్లలు. ఓడిపోవాలి, అతను నిలబడినప్పుడు ఓడిపోవాలి అని నోరు విప్పి కూడా అన్నాను. గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

చివరి కేక మా పిల్లలది. రెండు పాయింట్ల తేడాతో గెలిచారు.

హాల్లోకి వెళ్లేసరికి పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. మా బెంచీ మొదట్లో నా కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద టిష్యూ ప్యాకెట్ ఉంది.

"ఇదేంటి" అన్నాను.

"మీ సీటు సార్. ఎవలూ కూకోకుండా ఎట్టినాను" అన్నాడు సింహాచలం.

భువన కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. ఇక్కడి పిల్లలందరిలాగే మాట చివర 'లా' తగిలించే పిల్ల. "సార్, కోచ్ సిమ్ లాస్ట్ వరకు లేవనే లేదు. స్టాండప్ లా అని మేమందరం చెప్పాం, వినలేదు. కూర్చునే మొత్తం చెప్పారు."

"ఎందుకు నిలబడలేదు" అని అడిగాను.

"నాకు కూకుంటేనే ఆట అగుపడతాది సార్. నిలబడ్డం మీకలవాటు" అన్నాడు. తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. "షీటు మీద కోచ్ అని మీ సంతకమే ఉన్నాది. మ్యాచ్ మీదే."

ఇంటికి ట్రైన్లో ఆ మాటే నమిలాను. షీటు మీద నా పేరే ఉంది. అతను నిలబడను కూడా లేదు. సున్నాను అలాగే ఉంచితే అడిగేవాడు లేడు, అతనైతే అసలే అడగడు. నేను పద్దెనిమిదేళ్లు ఎవరికీ దక్కకుండా కాపలా కాసిన ఆ రెండు గజాల చోటు అతనికి అక్కర్లేదట. ఇది నాకు ఓటమి కంటే అవమానంగా తోచింది. అతను ఆ చోటు కోసం ఆశపడి ఉంటే బాగుండేది, కనీసం ఇద్దరం ఒకే ఆట ఆడినట్టుండేది.

ఆదివారమంతా ఫారం ముందేసుకుని కూర్చున్నాను. సాయంత్రానికి సున్నా కొట్టేసి ఒకటి వేశాను. అభిప్రాయం కొట్టేసి, 'ఈ ఒక్కటి గెలిచాడు. అంతకుముందు ఒక్కటీ లేకపోవడానికి కారణం నేను. నేనెప్పుడూ అతనికి అవకాశం ఇవ్వలేదు' అని రాశాను. ఏదో మంచివాణ్నయిపోయానని అనుకోవద్దు. రాసేటప్పుడు పళ్లు కొరుక్కుంటూనే రాశాను.

ఉద్యోగం అతనికి ఇచ్చారు.

ఈ ఏడాది మొదటి మ్యాచ్‌కు రమ్మని సింహాచలం ఇంటికొచ్చి పిలిచాడు. ముందు వరసలో నాకోసం సీటు, దాని మీద టిష్యూ ప్యాకెట్. చూడకుండా దాటిపోయి గ్యాలరీలో పైన కూర్చున్నాను. మా దగ్గరే ఆడి, చదువు ముగించిన నిఖిల ఇప్పుడతనికి అసిస్టెంటు. ఆట మొదలవగానే ఆ పిల్ల అలవాటు ప్రకారం రెండో కుర్చీలో కూర్చోబోయింది. సింహాచలం ఆమెకేదో చెప్పి, తను కూర్చున్నాడు. నోటుబుక్కు ఒళ్లో పెట్టుకున్నాడు. నిఖిల వెళ్లి గీత దగ్గర నిలబడింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, మొదటి మ్యాచ్, మొదటి నిమిషం. అంత తేలిగ్గా ఇచ్చేశాడు.

నేనెప్పుడు లేచానో తెలియదు. గ్యాలరీలో నిలబడి, చేతులు రెండూ ఊపుతూ, ఎడమవైపు, ఎడమవైపు అని అరుస్తున్నాను. కింద ఒక్క పిల్లా తలెత్తి చూడలేదు. వెనకనుంచి ఎవరో చైనీస్ కుర్రాడు నా భుజం మెల్లిగా తట్టాడు.

"అంకుల్, సిట్ డౌన్ లా. మాకు కనిపించట్లేదు" అని ఇంగ్లీషులో అన్నాడు.

నేను కూర్చున్నాను.