టిఫిన్ క్యారియరంత డబ్బా

ఆత్మకూరు ఎండలకు మనుషులే మాడిపోతుంటే యంత్రం ఏం ఓర్చుకుంటుంది పాపం అని గాబ్రియేలు జాలిపడ్డాడు. చర్చి పండుగలకు గిటారు వాయించే ఆయనకు ఆంప్లిఫయర్ అంటే ప్రాణం. తాకితే చెయ్యి కాలుతోందని, నీళ్లకుండకు చుట్టినట్టే దానికీ తడి గోనెపట్ట చుట్టాడు. కుండ చల్లబడుతుంది గానీ కరెంటు డబ్బా ఊరుకుంటుందా? స్విచ్ వేయగానే టప్పుమని పొగ వదిలి, ఇక లేవలేదు.

"ఏమప్పా, దానికి స్నానం చేయించినావా?" అని డోలక్ వాయించే ఫారూఖ్ నవ్వాడు.

గాబ్రియేలుకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రం చర్చి పండుగకు రంగస్వామి మాస్టరు వస్తున్నాడు. కర్నూలులో పెండ్లి బ్యాండు నడిపే రోజుల్లో గాబ్రియేలుకు గిటారు పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఏళ్ల తరబడి డ్రమ్ముల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు కడపలో ఉంటున్నాడు. శిష్యుడి వాయింపు ఇంకొక్కసారైనా వినాలని బస్సెక్కి వస్తున్నాడు. పెద్ద డబ్బా మోగితే ఆయనకు వినపడేది.

ఇంట్లో సాధన చేసుకునే చిన్న డబ్బా ఒకటుంది. టిఫిన్ క్యారియరంత ఉంటుంది. పందిట్లో ఉన్న ఒక్క మైకూ పాడేవాళ్లకే చాలదు.

"లేని మామకంటే గుడ్డిమామ మేలు. అదే తెచ్చుకోప్పా," అన్నాడు ఫారూఖ్.

మొదటి పాటకు మాస్టరు ముందు వరుసలో కూర్చుని, శిష్యుడి వేళ్ల వైపు చూస్తూ తల ఊపాడు. తాళానికీ ఆ తల ఊపుకూ పొంతన లేదు. అది మర్యాదకు ఊపుతున్నదని గాబ్రియేలుకు తెలిసిపోయింది. పాట అయిపోగానే డబ్బా చంకన పెట్టుకుని వేదిక దిగాడు. మాస్టరు పక్క కుర్చీలో దాన్ని పెట్టి, తాను ఆయన కాళ్ల దగ్గర చాప మీద కూర్చున్నాడు. జనం వింతగా చూశారు. చూస్తే చూడనీ.

మాస్టరుకు సంగతి అర్థమైంది. ఒంగి డబ్బాకు చెవి ఆనించాడు.

రెండో పాట సగానికి వచ్చేసరికి ఆయన నొసలు ముడిపడింది. గాబ్రియేలు భుజం మీద ఒక్కటి చరిచాడు.

"ఏమిరా, రెండో తీగ దిగిండాది. ఇనపల్యా నీకు?"

గాబ్రియేలు ముఖం చేటంత అయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇనపల్యా మాస్టరూ," అని తీగ బిగించాడు.

"మళ్లా మొదట్నుంచి వాయించు," అని మాస్టరు చెవి ఆనించాడు.