నోట్‌బుక్కు వెనక అట్ట మీది ఫొటో

నా కూతురు నాలుగో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం బడి నుంచి ఎగురుకుంటూ వచ్చి నా ఒళ్లో ఒక నోట్‌బుక్కు పడేసింది.

"అమ్మా, మా బడికి ఒక సారొచ్చిండు. అందరికి బుక్కులిచ్చిండు. నన్నే ఫస్ట్ పిలిచిర్రు, తెల్సా? సారు నా నెత్తి మీద చెయ్యి పెట్టి మంచిగ సదువుకో అన్నడు."

ముందు అట్ట మీద పూల బొమ్మ. తిప్పి చూశాను. వెనక అట్ట నిండా తెల్ల చొక్కా, మెడలో కండువా, రెండు చేతులూ జోడించి నవ్వుతున్న నా మొగుడు. ఫొటో కింద పెద్ద అక్షరాలతో 'దాత' అని ఉంది.

ఆ సారు తన తండ్రి అని నా బిడ్డకు తెలియదు. తాను చెయ్యి పెట్టింది కన్నకూతురి నెత్తి మీదే అని వాడికీ తెలియలేదు. తెలియడానికి చూసిందెప్పుడు? అది ఎనిమిది నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు మమ్మల్ని శామీర్‌పేటలో మా అమ్మ ఇంటి ముందు ఆటోలోంచి దించి, "నాల్గు రోజులుండు, మళ్లొచ్చి తోల్కపోత" అన్నాడు. ఆ నాలుగు రోజులు ఇంకా కాలేదు.

మాది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. వాళ్లు మేడ్చల్ దగ్గర భూములున్నోళ్లు. మేం చర్చికి పోయేవాళ్లం, మా అమ్మ నర్సరీలో మొక్కలకు నీళ్లు పట్టే పని చేస్తుంది. రోడ్డు వెడల్పయి భూముల ధరలు లేచేసరికి వాళ్లింట్లో కొడుకు మీద ప్రేమ కూడా లేచింది. ఒక్కడివే వస్తే రా అన్నారు. వెళ్లాడు. వాళ్ల చేన్లు ప్లాట్లయ్యాయి, వాడు పెద్దమనిషయ్యాడు.

బిడ్డకు నాలుగేళ్లు నిండాక భరణం కోసం కోర్టులో కేసు వేశాను. సర్కారు ఉచితంగా ఇచ్చిన వకీలమ్మే నా తరఫున నిలబడింది. దానికి జవాబుగా వాడు ప్రమాణం చేసి ఒక కాగితం ఇచ్చాడు. ఉద్యోగం లేదట, భూమి లేదట, రోజు కూలీకి పోతాడట, తిండికి తండ్రి మీదే ఆధారపడ్డాడట. నిజమే, భూమి తండ్రి పేరు మీద ఉంది, కారు చెల్లెలి మొగుడి పేరు మీద ఉంది. ఒంటి మీది చొక్కా ఎవరి పేరు మీద ఉందో ఆ కాగితంలో రాయలేదు.

ఇంకో పక్క, ఒంటరి ఆడవాళ్లకు సర్కారు ఇచ్చే పింఛను కోసం ఆఫీసుకు వెళ్లాను. అక్కడి మనిషి నా కాగితాలు చూసి, "మొగుడున్నడు గదమ్మా, కోర్టుల కేసు నడుస్తాంది. గది ఫైసలా అయినంక రా" అన్నాడు. ఒక సర్కారు బల్ల మీద నాకు మొగుడున్నాడు కాబట్టి పింఛను రాదు. ఇంకో బల్ల మీద ఆ మొగుడి దగ్గర ఏమీ లేదు కాబట్టి భరణం రాదు. ఈ రెండు బల్లల మధ్య నా బిడ్డ రెండు పూటలా అన్నం తినాలి.

సర్కారును మొత్తానికే తిట్టను. రెండు మంచి పనులు చేసింది. పేదింటి ఆడవాళ్లకు ఫీజు లేకుండా మూడు నెలలు కంప్యూటర్ మీద టైపింగు, డిజైనింగు నేర్పారు. దాంతో మేడ్చల్‌లో ఒక ఫ్లెక్సీ దుకాణంలో పని దొరికింది. ఇక రెండోది, ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేశారు. వాయిదా మీద వాయిదా అడుగుతూ పోతే కిరాయిలకు లేక నేనే మానుకుంటానని వాడు లెక్క వేసుకున్నాడు. ఆధార్ చూపించి, సున్నా టికెట్ తీసుకుని ప్రతి వాయిదాకూ వెళ్లాను. వాడు రాకపోయినా నేను వెళ్లాను. వాడి వకీలుకు నా మొహం చూస్తేనే విసుగు పుట్టేది. పుట్టనీ!

నోట్‌బుక్కు పట్టుకుని మర్నాడే వకీలమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది. "ఎవరో అభిమానులు అచ్చు వేయించిర్రు, నాకేం తెల్వది అంటడు. వాని నోటి నుంచి రావాలె, పైసలు నాయి, నేనే ఇచ్చిన అని. గట్ల ఎందుకంటడు చెప్పు?"

ఇంటికొస్తే మా అమ్మ ఆ ఫొటో చూసి, "తల్లికి కూడు పెట్టనోడు పినతల్లికి గాజులు చేపిస్తనన్నడట" అని ఉమ్మేసింది. వెంటనే తప్పయినట్టు లెంపలు వేసుకుని, "ఇగ ఇడువు బిడ్డా. పగ తీర్చుడు దేవుని పని" అంది.

"దేవుని కాడ గూడ వాయిదాలెక్కువైనయమ్మా" అన్నాను.

నిజం చెప్తున్నా, అప్పుడు నాకు డబ్బు మీద కూడా ధ్యాస లేదు. నా బిడ్డ ఆ సారును తలుచుకుని మురిసిపోతోంది. ఎవరో పేద పిల్లకు ఇచ్చినట్టు నా బిడ్డకు ఒక నోట్‌బుక్కు ఇచ్చి, దండం పెట్టించుకుని పోయాడు వాడు. వాడు నలుగురిలో తలెత్తకుండా చేయాలని, అది నా చేతి మీదుగానే జరగాలని ఒట్టు పెట్టుకున్నాను.

రెండు నెలలకు వాడే వచ్చి నా చేతిలో పడ్డాడు. మా దుకాణంలో పని ఎలా నడుస్తుందంటే, గిరాకీలు దుకాణం నంబరుకు వాట్సాప్‌లో ఫొటోలు పంపుతారు. నేను డిజైన్ చేసి ఆ నంబరు నుంచే తిరిగి పంపుతాను. 'కరెక్షన్ ఏమన్నా ఉందా సార్?' అని అడుగుతాను. వాళ్లు సరే అన్నాకే మిషన్ ఎక్కిస్తాం. ఒకరోజు ఆ ఫోన్‌లో వాడి ఫొటో వచ్చి పడింది. పుట్టినరోజు ఫ్లెక్సీ కావాలట, మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా స్తంభం స్తంభానికీ కట్టిస్తాడట. అవతల డిజైన్ చేసేది ఎవరో వాడికేం తెలుసు! బాత్రూంలోకి పోయి మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

ముందు డిజైన్‌లో వాడి పేరు కింద 'కన్నబిడ్డకు కూడు పెట్టనివాడు' అని అందరికంటే పెద్ద అక్షరాలతో కొట్టాను. ఒక్క నిమిషం కళ్లారా చూసుకున్నాను. ఎంత అందంగా ఉందో! తర్వాత చెరిపేసి, పేరు కింద ఖాళీ ఉంచి పంపాను. 'సార్, మీ హోదా ఏం వేయాలి? వెంచర్ల పేర్లు వేయమంటారా? సేవా కార్యక్రమాలు కూడా వేయాలా?' అని అడిగాను.

టైపు చేయడం వాడికి ముందు నుంచీ బద్ధకం. వాయిస్ పంపాడు. ఏళ్ల తర్వాత ఆ గొంతు విన్నాను.

"అరే భాయ్, మేనేజింగ్ డైరెక్టర్ అని పెద్దగ వెయ్యి. నాల్గు వెంచర్లు మనయే, సొంతంవి, పార్ట్‌నర్లు గీట్నర్లు ఎవ్వరు లేరు. గవి పేర్లతోని వెయ్యి. కింద పేద పిల్లల పెన్నిధి అని రాయి. రెండు వేల నోట్‌బుక్కులు నా సొంత పైసలతోని పంచిన, గది మర్చిపోకు. ఇంకోటి, మొహం జర తెల్లగ చెయ్యి. జల్దీ పంపు."

మొహం తెల్లగా చేశాను. కళ్ల కింది ముడతలు కూడా తీసేశాను. అంత శ్రద్ధగా ఇంకెవరికీ చేయలేదు. 'కరెక్షన్ ఏమన్నా ఉందా సార్?' అని అడిగితే, "మస్తుంది భాయ్, కొట్టెయ్" అన్నాడు.

దుకాణం యజమాని ముసలాయన, నేను చాచా అంటాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు. గిరాకీ మాట బయటికి పోతే దుకాణానికి చెడ్డపేరు. చివరికి లేచి, "నాకు ముగ్గురు ఆడపిల్లలు బేటీ" అన్నాడు. ఫోన్ నా ముందు పెట్టి నమాజుకు వెళ్లాడు. తర్వాత, ఆ వాయిస్ దుకాణం ఫోన్‌కే వచ్చిందని కోర్టుకు ఇవ్వాల్సిన కాగితం మీద సంతకం కూడా పెట్టాడు.

ఆ వాయిదాకు వాడు వచ్చాడు. మాసిన చొక్కా వేసుకుని, గడ్డం పెంచుకుని, కూలీ మనిషిలా నిలబడ్డాడు. వకీలమ్మ ముందు స్తంభాల మీది ఫ్లెక్సీల ఫొటోలు చూపించింది. "ఫ్లెక్సీలు అభిమానులు కట్టిర్రు మేడం, నాకేం తెల్వది" అని జడ్జిగారికి చెప్పాడు. వకీలమ్మ వాయిస్ పెట్టించింది. 'నాల్గు వెంచర్లు మనయే' అనే మాట కోర్టు హాలంతా వినబడింది. 'మొహం జర తెల్లగ చెయ్యి' దగ్గర వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు కళ్లజోడు తీసి వాడి కేసి చూశారు. ఆ చూపు నేను జన్మలో మర్చిపోను.

బయట వరండాలో వాడు నాకు అడ్డం వచ్చాడు. పళ్లు పటపట కొరుకుతూ, "ఫోన్‌ల గట్ల అడిగింది నువ్వేనా?" అన్నాడు.

"నేనే సార్. ఇంకేమన్నా కరెక్షన్ ఉందా?" అన్నాను.

ఆ పూట బస్సులో నాకు రాజ్యం ఏలినట్టుంది. ఆ సంబరం తర్వాతి వాయిదా దాకే. వాడు ఈసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మాట మార్చాడు. "నిజమే మేడం, నాకు దేవుడిచ్చింది మస్తున్నది. గందుకే బిడ్డను నాకియ్యిర్రి. ఒక్క రూంల ఉంటరు వాళ్లు. నేను మంచి బడిల ఏస్త. నా పానం మేడం గది."

వాడు ఉన్నవాడని రుజువు చేసింది నేనే. ఇప్పుడు అదే రుజువుతో నా బిడ్డను అడుగుతున్నాడు. పిల్ల వాడి దగ్గరికి పోతే భరణం కట్టే బాధే ఉండదని వకీలమ్మ చెవిలో చెప్పింది. జడ్జిగారు వచ్చే వాయిదాకు పాపను తీసుకురమ్మన్నారు. పగ తీర్చుకోబోయి బిడ్డను పోగొట్టుకుంటున్నానా అనుకున్నాను. మా అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

"దానికి అన్నీ చెప్పి తీస్కపోనా?" అని వకీలమ్మను అడిగాను. "ఏం చెప్పకు. నేర్పి తెచ్చినవని ఇట్టే దొరికిపోతవు" అంది. ఏమీ చెప్పలేదు. యూనిఫాం ఉతికి వేసి, రెండు జడలు వేసి తీసుకెళ్లాను.

జడ్జిగారు దాన్ని దగ్గరికి పిలిచి, వాడిని చూపించి, "పాపా, ఆయన ఎవరో తెలుసా?" అని అడిగారు.

నా బిడ్డ మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ జోడించి, "నమస్తే సార్!" అంది. జడ్జిగారి వైపు తిరిగి, "తెల్సు మేడం. మా బడికి నోట్‌బుక్కులిచ్చిన సారు. నేనే ఫస్ట్ తీస్కున్న" అంది.

జడ్జిగారు ఈసారి వాడినే అడిగారు. "మీ ప్రాణం అన్నారు కదా. పాప ఏ తరగతి చదువుతోంది?"

వాడు తన వకీలు వైపు చూశాడు. "రెండు... మూడు అనుకుంట మేడం."

"నాలుగు, సార్" అని నా బిడ్డే మెల్లగా అందించింది, క్లాసులో పక్క పిల్లకు అందించినట్టు.

వాడు తల దించుకున్నాడు. వాడి తల దించాలని నేను ఎన్ని ఎత్తులు వేశానో! ఏ కుట్రా తెలియని నా బిడ్డ రెండు మాటల్లో దించేసింది. పాప నా దగ్గరే ఉండాలని, కేసు వేసిన నాటి నుంచి లెక్క కట్టి భరణం ఇవ్వాలని, ఎగ్గొడితే జైలు తప్పదని తీర్పు వచ్చింది. జాలి పడ్డావా అని అడిగారు కొందరు. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు.

ఆ సాయంత్రం బిడ్డను కూర్చోబెట్టి ఆ సారు ఎవరో చెప్పాను. అది ఏడవలేదు. సంచిలోంచి నోట్‌బుక్కు తీసి వెనక అట్ట తిప్పి చాలాసేపు చూసింది. నాకు చేతులు దురదపెట్టాయి. "చింపేద్దమా?" అన్నాను.

"వద్దమ్మా. అట్ట పోతే కాయిదాలూడిపోతయి. ఇంక సగం బుక్కు ఖాళీగనే ఉన్నది."

ఎర్ర పెన్ను, స్కేలు తెచ్చుకుని ఫొటో కింద 'దాత' అన్న మాటను నీటుగా కొట్టేసింది. పెన్ను అలాగే పట్టుకుని ఆగింది.

"దాని జాగల ఏం రాస్తవు?" అని అడిగాను.

"ఏం రాయ" అని బుక్కు మూసి సంచిలో పెట్టుకుంది.