మిరపకోతలకు వెళ్ళినవాళ్ళ ప్రపంచ చరిత్ర

"నీది ఏడుపు కాదే, కుళ్ళు."

ఇది నా మీద మోపిన నేరం. మోపినది నాగమణి, హైస్కూల్లో నా పక్క బెంచీలో కూర్చున్న మనిషి. మోపిన చోటు మా సోషల్ టీచరు ఇంటి వరండా, ఆమెను ఊరి బయటకు తీసుకువెళ్ళిన సాయంత్రం. ఈ సంతాపసభలో మాట్లాడతానని నేను పేరు ఇచ్చాక, పాత విద్యార్థుల గ్రూపులో మరికొందరు అదే మాటను కాస్త మర్యాదగా రాశారు. బతికున్నంతకాలం ఆమెతో వాదనకు దిగిన మనిషికి ఆమెను స్మరించే అర్హత ఏమిటని అడిగారు. కనుక ముందు నేరానికి జవాబు చెబుతాను. నా కృతజ్ఞత కూడా ఆ జవాబులోనే ఉంది, వేరే చోట వెతకకండి.

టీచరు ఈ వేసవి సెలవుల్లో నరసరావుపేట ఆసుపత్రిలో, గుండె ఆగి పోయారు. కబురు నాకు గుంటూరు హాస్టల్లో అందింది. ఫోను చేసినది నాగమణే. "ఏమే, టీచరు పోయిందే. పొద్దున కాఫీ తాగింది, మాట్లాడింది. బయల్దేరు" అని పెట్టేసింది. పిడుగురాళ్ళ దాకా బస్సులో నా ఆలోచన ఒక్కటే: టీచరు ఇంటివాళ్ళు ముందుగా ఫోను చేసినది దానికా? తరగతిలో మొదటి ర్యాంకు నాది. చరిత్రలో ఎమ్మే చదువుతున్నది నేను. కారంపూడిలో జాకెట్లు కుట్టే నాగమణికి తెలిసిన తరువాత నాకు తెలియడమేమిటి? కళ్ళు తుడుచుకుంటూనే ఇది ఆలోచించాను. కాబట్టి నేరంలో సగాన్ని ఒప్పుకుంటున్నాను. అసూయ ఉంది. ఇప్పటికీ తగ్గలేదు. తగ్గాలని నేను కోరుకోవడం కూడా లేదు. ఎందుకో వినండి.

టీచరు మా ఊరికి బదిలీ మీద వచ్చిన మొదటి ఏడాది, పుస్తకంలో ఉన్న వరుసలోనే తొమ్మిదో తరగతికి ప్రపంచ చరిత్ర చెప్పారట. ఫ్రాన్సు రాజు వైభవం పత్తితీతలకు ముందు వచ్చింది. ఆ రాజును దించే సమయానికి మిరపకోతలు మొదలయ్యాయి. సగం బెంచీలు తోటల్లో ఉన్నాయి. వార్షిక పరీక్షలో ఒక విద్యార్థి, ఫ్రాన్సును ఇప్పటికీ ఆ రాజే ఏలుతున్నాడని రాశాడు. టీచరు దానికి మార్కులు వేశారు. ఈ సంగతి ఆమే మాకు చెప్పినప్పుడు నేను లేచి, తప్పు జవాబుకు మార్కులెట్లా వేస్తారని నిలదీశాను.

"వాడు ఉన్నన్నాళ్ళు ఆ రాజు ఉన్నాడు గదే! విన్నదాకా సరిగ్గానే రాశాడు. రాజును దించేరోజు నేను వాణ్ణి పిలవలా. తప్పు ఎవురిది?"

ఆ ఏడాది తరువాత ఆమె పాఠ్యప్రణాళిక పుస్తకం నుంచి మొదలవడం మానేసింది. వేసవిలో ఏడాది పొడవునా చెప్పవలసినదాన్ని సర్దేముందు, ఎవరు పత్తి వేస్తారో, ఎవరు మిరప నాటుతారో, సాగర్ కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారో ఊరంతా తిరిగి కనుక్కునేవారు. నీళ్ళు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం, కోతలు ఆలస్యం. ఆమె లెక్కలో రష్యా విప్లవం కూడా ఆలస్యం. ఒక్క రోజు తప్పినా మిగతాదంతా తెగిపోయే పాఠాలను, అంటే విప్లవాలను, ప్రపంచయుద్ధాలను, వలసదేశాల పోరాటాలను పత్తి విచ్చుకునేలోపు ముగించేవారు. కోతల నెలల్లో ఏ రోజుకా రోజు పూర్తయ్యే చిన్న పాఠాలు పెట్టేవారు. ఒకనాడు కాగితం పుట్టుక, ఇంకొకనాడు గడియారం. ఎన్నాళ్ళు పోయి ఎప్పుడు వచ్చినా ఎవరైనా మధ్యలో కూర్చోవచ్చు.

ఈ సర్దుడంతా ఆమె వరండాలో, నేలమీద, సుద్దముక్కతో జరిగేది. మా వైపు ఇళ్ళన్నిటిలాగే ఆ వరండాకూ నాపరాళ్ళు పరిచారు. ఒక్కొక్క వరుస ఒక్కొక్క నెల, ఒక్కొక్క రాయి ఒక్కొక్క పాఠం. నచ్చనిదాన్ని కాలితో చెరిపేవారు. సుద్దముక్క ఎప్పుడూ రొంటిన ఉండేది. ఏ రంగు చీర కట్టినా నడుము దగ్గర తెల్లమచ్చ తప్పేది కాదు. కాగితం మీద ఎందుకు వేయరని అడిగితే, "కాగితం మీద రాస్తే మడిచి లోపల పెట్టుకుంటాం. ఇక్కడైతే వచ్చేపోయేవాళ్ళు తొక్కుతా అడుగుతారు" అనేవారు. నిజంగానే అడిగేవారు. పాలకు వచ్చినవాళ్ళు, ఎరువుల అప్పు మాట్లాడడానికి వచ్చినవాళ్ళు, జపాను రాయి మీద నిలబడి, "టీచరుగారూ, ఈ నెల మా పిల్ల ఉండదండీ" అని చెప్పి పోయేవారు. జపాను పక్క వరుసకు జరిగేది.

ఆ ఇంట్లో టీచరుకు ఎదురు చెప్పగలిగినది అత్తగారు ఒక్కరే. "ఏందమ్మా ఇది, వాకిలా, బడా? కాలు ఎక్కడ పెట్టాలో తెలవట్లా" అని సణిగేవారు. ఒక శుక్రవారం కోడలు లేచేసరికి ఆవిడ వరండా అంచును కడిగి, సెప్టెంబరు వరుసంతా ముగ్గు పెట్టేశారు. టీచరు ముగ్గును చెరపలేదు. దానిలో చిక్కుకున్న పాఠాలను ఆగస్టులోకి నెట్టి, "మా అత్త జర్మనీని ముందుకు జరిపింది" అని మాకు చెప్పి నవ్వారు.

నేను ఆ వరండాకు ప్రతి వేసవీ వెళ్ళేదాన్ని. ఎవరూ పిలవకుండానే వెళ్ళేదాన్ని. ఒకసారి టీచరు లోపల వంటలో ఉండగా, నేను ఆ ప్రణాళికనంతా చెరిపి, కాలక్రమంలో తిరగరాశాను. కారణం ముందు, ఫలితం తరువాత. ఆమె చేయి తుడుచుకుంటూ వచ్చి, ఒక్కొక్క రాయినీ చదువుకుంటూ చివరిదాకా నడిచారు.

"చానా బాగుంది. ఒక్క మనిషికి సరిపోద్ది."

"ఎవరికి టీచర్?"

"ఎవరికేంది? నీకే."

ఈనాటికీ ఆ వాదనలో నేను వెనక్కి తగ్గలేదు. ఫలితాన్ని కారణానికి ముందు చెబితే చరిత్ర పొడుపుకథ అవుతుందని మళ్ళీ అంటాను. ఆమె జవాబు కూడా నిజాయితీగా చెబుతాను: "పాఠం ముందు వెనకలు ఎప్పుడన్నా సర్దుకోవచ్చే. తరగతిలో లేని పిల్లని ఎట్టా సర్దుతావు?" ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. కోపం మాత్రం ఉంది. ఎందుకంటే నేను ఎప్పుడూ తరగతిలోనే ఉన్నాను. ఒక్క రోజు మానలేదు. ఏ ఏడాది ప్రణాళికలోనూ నా కోసం జరిపిన రాయి ఒక్కటీ లేదు.

అన్నిటికంటే మంచి పాఠాన్ని ఆమె కోతల నుంచి వచ్చినవాళ్ళ కోసం దాచేవారు. అది మిరపకాయ పాఠం. సముద్రాలు దాటి ఓడలెక్కి ఆ కాయ మన దేశానికి ఎట్లా వచ్చిందన్నది నేను అంతకుముందే చదివేశాను. చేయి ఎత్తి కూర్చున్నాను. టీచరు నా చేయిని దాటి, ఆనాడే బడికి తిరిగి వచ్చిన నాగమణి దగ్గర ఆగారు.

"ఏమే నాగమణీ, ఈ కాయ మనది కాదంట. ఎక్కడో అవతలి దేశాలదంట. నమ్ముతావా?"

నాగమణి తన వేళ్ళ వైపు చూసుకుంది. "మనది కాకపోతే మరి మన చేతులెందుకు మండుతున్నయ్ టీచర్?"

తరగతి గొల్లున నవ్వింది. టీచరు నవ్వలేదు. బోర్డు వైపు తిరిగి ఓడను గీశారు. అవతలి తీరాన ఆ తోటల్లో పనిచేసింది ఎవరు, అమ్ముడుపోయింది ఎవరు, ఎవరి చేతులు మండాయి, ఎవరి పెట్టె నిండింది, అంతా ఆ ఒక్క మాట పట్టుకుని గంట కొట్టినా ఆపకుండా చెప్పారు. నేను ఎత్తిన చేయి ఎప్పుడు దించానో నాకు గుర్తులేదు. అంత గొప్ప పాఠం నేను తరువాత ఏ విశ్వవిద్యాలయంలోనూ వినలేదు. అది నాకు చెప్పినది కాదు. నేను అక్కడ ఉన్నాను, అంతే.

ఆ రోజు సాయంత్రం ఆమె వెనకే నడిచి అడిగాను. "రోజూ వచ్చేది నేను టీచర్. నా కోసం ఏం దాచారు?"

"నీకు నేనెందుకే? నువ్వు పుస్తకాన్ని పీక పట్టుకుని చెప్పించుకుంటావు."

ఆమె దాన్ని మెచ్చుకోలుగా అన్నారు. నేను దాన్ని ఇన్నేళ్ళుగా గాయంగా మోస్తున్నాను.

పోయిన ఏడాది నరసరావుపేటలో వాదప్రతివాదాల పోటీకి నేను వచ్చినప్పుడు, టీచరు చెప్పకుండా వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. నేను గెలిచాను. బయట బజ్జీలబండి దగ్గర ఆమెను పట్టుకుని, ఎట్లా ఉందన్నాను.

"గెలిచావు. ఆ ఎదుటి పిల్ల నోరు మూతబడింది." బజ్జీని తుంచి, సగం నా చేతిలో పెట్టారు. "ఆ పిల్ల చివర్లో ఏందో అనబోయిందే. అది వినబుద్ధయింది నాకు."

చూశారా? నా కప్పు నా చేతిలో ఉంది. ఆమె మనసు మాత్రం ఓడినపిల్ల మింగేసిన మాట మీద ఉంది. వాదనలో నేను గదిలో ఉన్నవాళ్ళను గెలుస్తాను. ఆమె గది తలుపు తీసి, బయట ఉన్నవాళ్ళకు చోటు చేసేవారు. ఆ విద్య నాకు రాదు. నేను అసూయపడేది దానికి.

ఇక ఆ సాయంత్రం. శవం లేచిన తరువాత ఇల్లు కడగాలి. ఈ ఏడాది ప్రణాళిక వరండాలో ఇంకా ఉంది, జూన్ నుంచి డిసెంబరు దాకా. మిగతా నెలల, అంటే మిరపకోతల నెలల, రాళ్ళు ఖాళీ. కాలువనీళ్ళ సంగతి తేలాక ఆమె రాసేవి అవే. మిగిలిన రాళ్ళనైనా నింపి, ఆ రూపాన్ని బడికి అందించాలని నేను గూట్లో ఉన్న సుద్దముక్క తీశాను. నాగమణి నా చేయి పట్టుకుంది.

"నువ్వు రాయబాకే. ఆ నెలలు నీకు తెలవ్వు."

"అయితే నువ్వు రాయి."

"నాకు పాఠాలు తెలవ్వు."

"అట్లాగే ఖాళీగా ఉంచుతావా? నేను ఆమె కోసమే రాస్తున్నాను."

అప్పుడన్నది ఆ మాట. "నీది ఏడుపు కాదే, కుళ్ళు. ఆమె మా కోసం అట్టిపెట్టిన నెలల్లో గూడా నువ్వే కూర్చోవాలా?"

గడప దగ్గర అత్తగారు లేచారు. "ఇద్దరూ దిగండి" అని, బిందెడు నీళ్ళు తానే వంచారు. "నా కోడలి రాతలు ఇంకొకరు దిద్దేది ఏంది?" అన్నారు. నీళ్ళు తెల్లబడి వాకిట్లోకి పోయాయి.

అందువల్ల జూన్‌లో బడి తెరిచేసరికి ఆ ప్రణాళిక లేదు. పైనుంచి అచ్చువేసి వచ్చే ప్రణాళికతో నడిపిస్తామని హెడ్‌మాస్టరుగారు ఇందాక అన్నారు. అందులో తప్పేమీ లేదు. నాలాంటిదానికి అది బాగా సరిపోతుంది. రోజూ వచ్చే పిల్లలు అందరూ బాగుపడతారు. రాజు గద్దె దిగే రోజున తోటలో ఉన్న పిల్లలకు మళ్ళీ ఆ రాజే మిగులుతాడు.

ఈ ప్రసంగాన్ని వినేవారూ తరువాత చదివేవారూ నన్ను కుళ్ళుబోతు అనుకుంటే అనుకోండి. నాకు దక్కనిది ఇకపై పుట్టబోయే ప్రతి నాగమణికీ దక్కాలి, దాన్ని చూసి నేను ఇంకా రగిలిపోవాలి. నాకు ఆ అవకాశం లేకుండా చేయకండి. ఆమె ఫొటోకు దండ వేసినంతమాత్రాన నేను ఊరుకోను.

మిరపకోతల ఆటోలు మన స్కూలు గేటు ముందే ఆగుతాయని మీ అందరికీ తెలుసు. మంచు విడవకముందే తలకు గుడ్డలు కట్టుకున్న పిల్లలు అన్నం క్యారేజీలు లోపలికి అందించి ఎక్కుతారు. టీచరు ఆ వేళకు గేటు దగ్గర ఉండేవారు. ఎవరినీ ఆపేవారు కాదు, ఎవరి తల్లినీ తిట్టేవారు కాదు. ఒక్కొక్కరి పేరు పిలిచి, "నువ్వు వచ్చినాకే చెప్తా, నువ్వు లేకుండా చెప్పను" అనేవారు. వచ్చే కోతలకూ ఆటో ఆగుతుంది. పిల్లలు కమ్మీలు పట్టుకుని వెనక్కి తిరిగి, గేటు వైపు చూస్తారు. ఆ పొద్దున అక్కడ నిలబడి వాళ్ళ పేర్లు పిలిచేది మీలో ఎవరు? లేచి చెప్పండి, ఇప్పుడే.