పలచటి అచ్చు మీద నేసిన పంచెలు

అచ్చు మార్చింది నేనేనని ఆ రోజు నాన్నగారు అడిగినప్పుడు చెప్పలేదు. తర్వాత ఇరవై ఏళ్లపాటు ఇంట్లో కూడా చెప్పలేదు.

తొంభైల చివర్లో మండపేట బజార్లో మాకు పంచెల కొట్టు ఉండేది. నూలూ అచ్చూ మేమే ఇచ్చి, పక్క ఊళ్లో ఒక నేతగాడిచేత నేయించేవాళ్లం. అచ్చు అంటే మగ్గం మీద పడుగు దారాల్ని వరసలో నిలబెట్టే దువ్వెన లాంటిది. పళ్లు ఎంత దగ్గరగా ఉంటే గుడ్డ అంత ఒత్తుగా వస్తుంది. అంతే నూలుతో నాలుగు పంచెలు ఎక్కువ తీయించి మెప్పు పొందాలని, నాన్నగారికి తెలియకుండా పళ్లు ఎడంగా ఉన్న అచ్చు పట్టుకెళ్లాను.

నేతగాడు నాకంటే పాతికేళ్లు పెద్ద. అచ్చును వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఇది పుండుకి కట్టే గుడ్డకి సరిపోద్దండి బాబుగారూ. పంచెకి కాదు."

"ఏం?"

"ఒకటి పైన, ఒకటి కింద. సాదా నేతలో అల్లిక ఇంతేనండి. దారాలు ఒత్తుగా ఉంటేనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎడమైతే జారిపోయి, లాగినప్పుడు బరువంతా ఒక్క దారం మీదే పడుద్ది. గంజి ఉన్నన్నాళ్లే నిలబడుద్దండి."

"అయితే గంజి ఎక్కువ పెట్టు. నాన్నగారే చెప్పమన్నారు."

నేత అయిపోగానే అచ్చు వెనక్కి తెచ్చి దాచేశాను.

రెండు ఉతుకులకే పంచెలు తిరిగొచ్చాయి. "కూర్చున్నప్పుడు ఒక పంచేనండి, లేచేసరికి రెండు," అన్నాడు ఒక రైతు. నాన్నగారు నేతగాణ్ణి పిలిపించారు.

"నాలుగు పంచెలు ఎక్కువిచ్చి నా కళ్లు కప్పి, మిగతా నూలు ఎక్కడ అమ్ముకున్నావురా?"

"అమ్మలేదండి. చిన్నబాబుగారు ఇచ్చిన అచ్చేనండి."

నాన్నగారు నావైపు తిరిగారు. "ఎప్పుడూ ఇచ్చేదే ఇచ్చానండి," అన్నాను.

"వాడు నేసింది వాడికే కట్టించండి, షావుకారుగారూ," అన్నాడు రైతు.

కట్టించారు. చిరుగు వెనక్కి వచ్చేలా కట్టించి, బజారు చివరిదాకా నడిచి రమ్మన్నారు. ఎదురు కొట్టులోంచి ఎవరో, "కుచ్చిళ్లు చూసుకోవయ్యా పెళ్లికొడకా," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను తిరిగొచ్చి, పంచె విప్పి, మడతపెట్టి మా గల్లాపెట్టె మీద పెట్టి వెళ్లిపోయాడు.

దొంగ అన్న పేరు పడ్డాక ఏ కొట్టువాళ్లూ అతనికి నూలు ఇవ్వలేదు. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంట మట్టితో పూడ్చేసి రైసుమిల్లులో బస్తాలు మోశాడు.

నాన్నగారు పోయిన రెండేళ్లకి మిల్లుకి వెళ్లాను. అప్పటికి అతను నడుం పనిచేయక, ఒక మూల కూర్చుని బస్తాల మూతులు కుడుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. సూది ఆపలేదు.

"నాకు తెలిసిందే కదండి. నాకెందుకు చెప్పడం? నడిపించింది బజార్లో."

మర్నాడు పొద్దున అతన్ని బజారుకి తీసుకొచ్చాను. కొట్లవాళ్లలో సగం మంది పాతవాళ్లే. మా కొట్టు మెట్ల దగ్గర నిలబడి, అందరికీ వినపడేలా అన్నాను: "ఈయన నూలు దొంగిలించలేదు. పలచటి అచ్చు ఇచ్చింది నేను. వద్దన్నా వినకుండా నేయించాను. అబద్ధం చెప్పాను, నిలబడి నవ్వాను. నన్ను క్షమించండి."