గట్టు మీద పాముకాటు, పందిట్లో ఆమెన్

సమస్తాన్నీ చూసే దేవునికి స్తోత్రం. ఊపిరి పోసినవాడూ ఆయనే, ఒంట్లోకి దిగిన విషం ఎక్కడ ఆగాలో నిర్ణయించేవాడూ ఆయనే. మా అన్నయ్యను ప్రాణాలతో నాకు తిరిగి ఇచ్చినందుకు ఆయన నామానికి మహిమ కలుగును గాక. మిగతాదంతా ఆ తర్వాతే.

మాది దివిసీమ. పెళ్ళయ్యాక నేను బందరులో స్థిరపడ్డాను. అన్నయ్య భార్యతో ముదినేపల్లి వైపు వెళ్ళి చేపల చెరువుల మీద కాపలాకి కుదిరాడు. ఆ చెరువుల యజమాని, అన్నయ్య వెళ్ళే మందిరంలో సంఘపెద్ద. మందిరానికి పైకప్పు వేయించింది ఆయనే.

పాములు లోపలికి రాకుండా చెరువు చుట్టూ సన్నటి నైలాను వల కడతారు. వచ్చినవి అందులో చిక్కుకుంటాయి. వాటిని తీసి పారేయడం కాపలావాడి పని. వల కోస్తే తేలిగ్గా అయిపోతుంది. కానీ యజమాని కోయనిచ్చేవాడు కాదు. పాము తల ఒక చేత్తో నొక్కిపట్టి, వల ఒక్కో కన్నూ విప్పి తీయాలి.

"పొడుగాటి పటకారు, మందపాటి గ్లౌజులు ఇప్పించండి అన్నగారూ" అని అన్నయ్య అడిగితే ఆయన నవ్వాడట. "నీళ్ళపాములకి గ్లౌజులా? పెళ్ళికొడుకువా ఏంట్రా నువ్వు?"

ఆ రోజు చిక్కుకున్నది రక్తపింజర. కుడిచేతి మీద కాటేసింది.

యజమానే తన కారులో గుడివాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆ మేలు నేను కాదనను. అయితే దారిలోనే చెప్పాడు: "డాక్టరు అడిగితే ఇంటి వెనక కరిచిందని చెప్పు తమ్ముడూ. చెరువు మీదంటే కేసులవుతాయి. నిన్ను నేను చూసుకోనా?" నొప్పితో వణికిపోతున్న అన్నయ్య అలాగే చెప్పాడు.

ప్రాణం దక్కింది. రెండు వేళ్ళు కుళ్ళిపోతే తీసేశారు. మిగిలినవి ముడుచుకోవు. అన్నం వదిన కలిపి పెడుతుంది. చెరువు మీద ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. అన్నయ్య వెళ్ళి బతుకుతెరువు చూపించమంటే, "ఇంటి దగ్గర కరిచిన పాముకి నాదా బాధ్యత?" అన్నాడు ఆ పెద్దాయన. బందరు లేబర్ ఆఫీసుకి వెళ్ళాం. "చెరువు మీదే జరిగిందని చెప్పేవాళ్ళున్నారా?" అని అడిగారు. ఎవరూ లేరు.

చావు తప్పినవాళ్ళు కృతజ్ఞతా కూడిక పెట్టుకోవడం మా ఆచారం. అన్నయ్య ఇంటి ముందు పందిరి వేశాం. సంఘపెద్ద రాకపోతే నలుగురూ అనుకుంటారని ఆయనా వచ్చాడు. మైకు ఆయనకే ఇచ్చారు. మా పెద్దలు ప్రార్థన చూసి చదవరు. కళ్ళు మూసుకున్నారంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఆయన గొంతు పెరిగింది, చేతులు పైకి లేచాయి.

"తండ్రీ! నా చెరువు గట్టు మీద, వల విప్పుతూ పాము కాటుకి కూలిపోయిన ఈ బిడ్డని నువ్వే లేవనెత్తావు ప్రభువా!"

పందిరంతా "ఆమెన్" అంది.

నేను కళ్ళు తెరిచాను. వదిన అప్పటికే నా వైపు చూస్తోంది.

భోజనాల దగ్గర అన్నయ్య అడిగాడు: "అన్నగారూ, ఇందాక దేవుడికి చెప్పిన మాటే బందరొచ్చి ఆఫీసరుకి చెప్తారా?"

ఆయన విస్తట్లోంచి తలెత్తలేదు. "ప్రార్థన దేవుడికి రా. ఆఫీసుతో దానికేం పని?"

"మేమందరం విన్నామండీ" అన్నాను.

"అందరూనా? అడిగి చూడు చెల్లెమ్మా."

అడిగాను. ఒకావిడ వంట దగ్గర ఉన్నానంది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్న ముసలాయన, "నాకు చెవుడు కదమ్మా" అన్నాడు. మిగతావాళ్ళు సాంబారు అడుగుతున్నారు.

పాస్టరు గారు నన్ను పక్కకి పిలిచారు. "ప్రార్థనలో మాటలు పట్టుకుని గొడవకి దిగకూడదమ్మా."

"దేవుడి ముందు చెప్పింది నిజమే కదండీ అయ్యగారూ?"

ఆయన మంచినీళ్ళ కోసం అటు వెళ్ళిపోయారు.

ఆఫీసువాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. విన్నది విన్నట్టు నేను చెప్తాను. సొంత చెల్లెలి మాటకి ఎంత విలువిస్తారో తెలియదు. అక్కడ గట్టు మీద కొత్తగా చేరినవాడు కూడా వట్టి చేతులతోనే పాముల్ని తీస్తున్నాడని వదిన ఫోనులో చెప్పింది.

చదువుతున్న మీరు ఒక్కసారి కళ్ళు మూసుకుని నాతో కలిసి అడగండి. ప్రభువా, ఆ పందిట్లో ఆమెన్ అన్నవాళ్ళలో ఒక్కరినైనా మా వెంట బందరు పంపించు. నీ ముందు తెరుచుకున్న ఆ పెద్దాయన నోటిని మనుషుల ముందు కూడా తెరిపించు. గట్టు మీద ఉన్నవాడి చేతులు కాపాడు. ఆమెన్.